ఊరి పక్క కంచకు మేనేజ్‌మెంట్ ప్లాన్ ఎట్ల రాసుకోవాలె: పాలమూరు, నల్గొండ వాళ్ల కోసం అడుగడుగు గైడ్

పాలమూరు నుంచి జడ్చర్ల పోయే రోడ్డు మీద అప్పన్నపల్లి దగ్గర రిజర్వు ఫారెస్టుల రెండు వేల ఎకరాలకు పైన ఎకో పార్కు ఉన్నది, చౌటుప్పల్ దిక్కు లక్కారం దగ్గర తంగేడు వనం ఉన్నది, ఇట్లాంటివి ఇప్పుడు చానా టౌన్ల పక్కకు వస్తున్నయి. గేటు పడ్తది, పేరు రాసిన ఆర్చి పడ్తది, వాకింగ్ ట్రాక్ పడ్తది, కానీ లోపల ఉన్న కంచను, అంటే పొదలు, గడ్డి, బండలు కలిసిన అడవిని, వచ్చే పదేండ్లు ఎట్ల చూసుకుంటం అని అడిగేటోళ్లు తక్కువ. ఈ గైడ్ ఆ పని కోసమే. మున్సిపాలిటీల పనిచేసేటోళ్లు, ఫారెస్టు బీట్ స్టాఫు, పంచాయతీ వాళ్లు, వాకర్స్ అసోసియేషన్లు, కాలేజీ బాటనీ సార్లు, ఎవరైనా వాడుకోవచ్చు.

ముందే ఒక మాట చెప్తా, మిగతా గైడంతా దాని మీదనే నడుస్తది. మన దిక్కు ఏడాదికి 600 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే ఎర్ర చెల్క నేల. ఈ నేలల తునికి, పరికి, బలుసు, తంగేడు, మోదుగ, చండ్ర, రేల, మొర్రి, మధ్య మధ్యల గడ్డి, బండలు, ఇదే పూర్తయిన అడవి. ఇది ఎండాకాలం బోడిగ కనపడ్తది కాబట్టి "ఏం లేదు ఈడ, డెవలప్ చేద్దాం" అంటరు. ఉన్నదాన్ని గుర్తుపట్టకుండ చేసే డెవలప్‌మెంటే కంచకు అన్నిటికన్న పెద్ద నష్టం. కాబట్టి ప్లాన్‌ల మొదటి సగం ఉన్నదేందో తెలుసుకునుడే.

1. భూమి కాయితాలు

ముందు ఆ భూమి ఎవరిది, ఏ కేటగిరీ అనేది తేల్చుకోవాలె. రిజర్వు ఫారెస్టా, ఫారెస్టు చట్టం 1967 కింద సెక్షన్ 4 నోటిఫికేషన్ (రిజర్వు చేస్తమని మొదటి ప్రకటన) అయి సెక్షన్ 15 (ఆఖరి ప్రకటన) దగ్గర ఆగిందా, రెవెన్యూ సర్కారీ భూమా, గైరానా (ఊరుమ్మడి మేత భూమా), పంచాయతీదా. దీన్ని బట్టే ఎవరు పర్మిషన్ ఇయ్యాలె, ఎవరి పైసలు వాడొచ్చు అనేది తేలుతది. రిజర్వు ఫారెస్టు అయితే అడవి సంరక్షణ చట్టం 1980 లాగు అయితది, లోపల బిల్డింగు, పర్మనెంటు కట్టడం అంటే మామూలు విషయం కాదు. మీ ప్లాన్ ఆ డివిజన్ వర్కింగ్ ప్లాన్‌కు, అంటే అడవిని ఎట్ల చూసుకోవాలె అని ఫారెస్టోళ్లు రాసుకునే ప్లాన్‌కు, ఎదురు పోవద్దు, అందుకే డీఎఫ్‌ఓ ఆఫీసుల ఆ వర్కింగ్ ప్లాన్ అడిగి మీ కంపార్టుమెంటు (అడవిల మీ భాగం) గురించి ఏం రాసిన్రో చదువుకోవాలె.

రికార్డుల ఫారెస్టు అని లేకపోతే ఏం జేసినా నడుస్తది అనుకోవద్దు. 1996 డిసెంబర్ 12న గోదావర్మన్ కేసుల సుప్రీంకోర్టు చెప్పింది ఏందంటే ఎవరి భూమి అయినా సరే అడవి లక్షణం ఉంటే అడవి కిందనే చూడాలె అని. 2025 ఏప్రిల్‌ల హైదరాబాద్ కంచ గచ్చిబౌలి 400 ఎకరాల దగ్గర చెట్లు కొట్టుడు ఆపమన్నది కూడా ఆ కోర్టే.

ఫారెస్టు మ్యాపు, ఊరి నక్ష రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే చాలా సార్లు కలవయి, అట్లాంటప్పుడు ఫారెస్టు, రెవెన్యూ జాయింట్ సర్వే చేయించి హద్దు రాళ్లు పాతించేదాక వేరే ఖర్చు పెట్టకుండ్రి. హద్దు తేలని కంచ చుట్టుపక్కల ప్లాట్లు పడుతున్న కొద్దీ ఏటా కొంత కొంత తగ్గుకుంట పోతది.

2. నడిచి చూసుడు

డ్రోన్ ఫోటోలు, గూగుల్ ఎర్త్ మంచివే, పాత సంవత్సరాల ఇమేజీలు పెట్టి చూస్తే సర్కారు తుమ్మ ఏ దిక్కు నుంచి ఎంత పాకిందో తెలుస్తది. కానీ నడవకుండ ప్లాన్ రాయలేం. ఏడాదిల కనీసం మూడు కాలాలు తిరగాలె, ఎండాకాలం ఒకసారి, వానలు పడ్డంక ఆగస్టు సెప్టెంబర్‌ల ఒకసారి, చలికాలం ఒకసారి. గడ్డి జాతులు, దుంపల మొక్కలు వానల్లనే బయటపడ్తయి, మార్చిల పోయినోళ్లు అవి లేవనే రాసుకుంటరు.

పద్ధతి సింపులే. కంచల వేరే వేరే రకం జాగల్ల, అంటే బండల మీద, వాగు పక్క, చదును గడ్డి, తుమ్మ నిండిన చోట, తలా కొన్ని ప్లాట్లు పెట్టుకోవాలె. చెట్లకు 10 మీటర్లు బై 10 మీటర్లు, అందుల పొదలకు 5 బై 5, గడ్డికి 1 బై 1. ప్రతి ప్లాటుకు ఫోన్‌ల జీపీఎస్ పాయింటు, మూలకు ఒక రాయి, నాలుగు దిక్కులు ఫోటోలు. మొక్క పేరు తెలవకపోతే ఐనాచురలిస్ట్‌ల ఫోటో పెట్టొచ్చు, కానీ పక్కన ఊరి పెద్దమనిషి ఒకరు ఉంటే ఇంకా మేలు, గొల్లాయనకు తెలిసినన్ని పేర్లు యాప్‌కు తెల్వదు.

చూసేటప్పుడు పైన కనపడేదాన్ని బట్టి మొక్క వయసు అనుకోవద్దు. తునికి పొద దగ్గర కూసొని దాని మొదలును చూడుండ్రి. మోకాలెత్తు ఉంటది, వేలు లావు కొమ్మలు నాలుగైదు, ఆకులు మేకలు కొరికినట్టు అంచులు తెగి ఉంటయి. మట్టి కొంచెం పక్కకు జరిపితే కింద పిడికిలంత, ఒక్కోసారి తలకాయంత గడ్డ కట్టిన మొదలు ఉంటది, దాని మీద పాత నరుకుల మచ్చలు ఒకదాని పక్క ఒకటి. అంటే అది ఎన్నో ఏండ్ల చెట్టు, నరికినప్పుడల్లా మళ్లా చిగురు పెడుతున్నది. మోదుగ, చండ్ర, బలుసు కూడా ఇంతే. ఇట్లాంటి మొదళ్లు ఎకరంల ఎన్ని ఉన్నయో లెక్క రాసుకోవాలె, ఎందుకంటే ఆ ఎకరంల మొక్కలు నాటే అవసరమే లేదు, కాపాడితే అవే లేస్తయి. ప్లాన్ మొత్తంల ఎక్కువ పైసలు మిగిల్చే లెక్క ఇదే.

జంతువుల సంగతికొస్తే నెమళ్లు, కుందేళ్లు, ముళ్లపందులు, ఉడుములు, గుంటనక్కలు, కౌజు పిట్టలు, పూరేళ్లు, అడవిపందులు మన కంచల్ల మామూలే, గుట్టలు పెద్దగ ఉన్న దిక్కు చిరుత కూడా తిరుగుతది. బండల చీలికల్ల కొమ్ము గుడ్లగూబ గూడు పెడ్తది, కాబట్టి బండలను ఖాళీ జాగ కింద రాయొద్దు. పక్షులకు ఈబర్డ్ యాప్‌ల లిస్టులు పెట్టుకుంట పోతే రికార్డు దానంతటదే తయారైతది.

3. మనుషులు

ఇది కాయితంల రాయకపోతే ప్లాన్ గేటు దగ్గరనే ఆగిపోతది. ఆ కంచల ఎవరు ఏ నెలల వస్తరు, దేనికొస్తరు, ఒక క్యాలెండర్ వేసుకోవాలె. గొల్ల కురుమలు మందలు తోలుకొని వస్తరు. కట్టెల కోసం ఆడోళ్లు వస్తరు. ఎండాకాలం తునికాకు, వానాకాలం దాటినంక సీతాఫలాలు. బతుకమ్మ ముందు తంగేడు పువ్వుకు ఊర్లకూర్లు వస్తయి. గుట్ట మీద మైసమ్మో, దర్గానో, దేవునికి ఏటా జాతరో ఉంటది. చుట్టూ ఫెన్సింగ్ వేసి ఇవన్నీ ఒక్కరోజుల బంద్ అంటే కంచె వైరు తెగుతది, అగ్గి పడ్తది, కాపాడేటోళ్లే దూరమైతరు.

నేను చెప్పేది ఏందంటే ఊరి వాళ్లతో కూసొని ఒప్పందం రాసుకోవాలె. జూన్ నుంచి అక్టోబర్ దాక కంచల సగం భాగంల మేత బంద్, గడ్డి గింజ పట్టి రాలినంక నవంబర్ నుంచి కోసుకపోనియ్యాలె. గడ్డి కోసుకపోతే ఎండాకాలం అగ్గికి తిండి తగ్గుతది, వాళ్లకు మేత దొరుకుతది. గొర్లు గడ్డి మీద పడ్తయి, మేకలు చిగుర్లు, కొమ్మలు తింటయి, రెండిటికీ ఒకే రూల్ పెట్టొద్దు. తంగేడు పువ్వు కోసుకోనియ్యాలె, కొమ్మలు విరవకుండ కోసే చోట్లు చూపియ్యాలె. మీటింగు పొద్దుగూకినంక ఊర్లె పెట్టాలె, పగలు పదకొండింటికి ఆఫీసుల పెడితే పనికి పోయినోళ్లు ఒక్కరు రారు.

వన సంరక్షణ సమితి ఉన్న ఊరైతే దాన్నే వాడుకోవాలె, జీవవైవిధ్య చట్టం 2002 కింద పంచాయతీకి, మున్సిపాలిటీకి ఉండే కమిటీ, వాళ్లు రాసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ కూడా ప్లాన్‌కు జత చేయొచ్చు. అటవీ హక్కుల చట్టం 2006 కింద క్లెయిములు ఏమన్న ఉంటే అవి తేలకముందు గీతలు గీయొద్దు.

4. జోన్లు గీసుడు

మ్యాపు మీద మూడు రంగులు చాలు. పాత మొదళ్లు, మంచి గడ్డి, బండలు, వాగు, గూళ్లు ఉన్నది ముట్టుకోని భాగం. బాగు చేయాల్సింది రెండోది, అంటే తుమ్మ, లంటానా నిండినవి, మట్టి కోసుకపోయినవి, మొరం తవ్విన గుంతలు. మూడోది జనాలు తిరిగేది. ఈ మూడోది మొత్తంల పది పదిహేను శాతం దాటొద్దు అనేది నా అభిప్రాయం, అది కూడా రోడ్డు దిక్కు, ఇప్పటికే పాడైన జాగల్లనే ఉండాలె. పార్కింగు, టాయిలెట్లు, పిల్లల ఆట సామాను, క్యాంటీను అన్నీ గేటు దగ్గరనే. మంచి వ్యూ ఉన్నదని గుట్ట నెత్తి మీద గెస్ట్ హౌజ్ ఆలోచన చేస్తరు, దానికి రోడ్డు, కరెంటు, నీళ్లు, లైట్లు అన్నీ కంచ నడుమ నుంచే పోవాలె, ఒక్క బిల్డింగుతోటి ముట్టుకోని భాగం రెండు ముక్కలైతది.

5. పిచ్చి మొక్కలు తీసుడు

ఎక్కువ కష్టం, ఎక్కువ టైము ఈడనే. సర్కారు తుమ్మ, లంటానా, సుబాబుల్, వయ్యారిభామ, ఈ నాలుగు మెయిన్. కోనోకార్పస్ ఎవరన్న నాటి ఉంటే అది కూడా, దాన్ని నాటొద్దని తెలంగాణల సర్కారే చెప్పింది.

సర్కారు తుమ్మను జేసీబీ పెట్టి ఒక్క వారంల మొత్తం పీకేస్తం అని మొదలు పెడ్తరు. అట్ల చేస్తే తుమ్మతోటి తునికి మొదళ్లు, గడ్డి వేర్లు అన్నీ పోతయి, పైమట్టి తిరగబడ్తది, మొదటి వానకు ఆ మట్టిల ఏండ్ల కొద్ది పడి ఉన్న తుమ్మ గింజలు అన్నీ ఒక్కసారే లేస్తయి. గొడ్డలితో భూమి మీదికి కొడితే ఒక్క కొమ్మ పోయి పది కొమ్మలొస్తయి. సరైన పద్ధతి మనుషులతోనే, మొదలు చుట్టూ మట్టి తీసి, చిగురు పెట్టే గడ్డ భాగం కిందికి, జానెడు లోతు దాటి వేరు కొట్టాలె. వానలకు నేల మెత్తబడ్డప్పుడు పని సులువు. కాయలు పండక ముందే చేయాలె, పండిన కాయలు మేకలు, పశువులు తిని గింజలను పేడతోటి కంచంతా చల్లుతయి.

ఒక్క ఏడాదిల మొత్తం తీయొద్దు. ఆ తుమ్మల కిందనే ఇప్పుడు కుందేళ్లు, కౌజు పిట్టలు దాక్కుంటున్నయి, ఊరోళ్లకు వంటచెరుకు అదే, పాలమూరు, నల్గొండ రెండు దిక్కులా బొగ్గు బట్టీలోళ్ల బతుకు దాని మీదనే ఉన్నది. పట్టీలు పట్టీలుగ ఐదేండ్లకు పంచుకోవాలె, కట్టె ఊరోళ్లకు, కూలి కూడా ఊరోళ్లకు.

లంటానాకు, అదే తలంబ్రాల చెట్టుకు, వేరే పద్ధతి. దాని చిగురు మొదలు దగ్గర మట్టి పైపొరలనే ఉంటది, కాబట్టి గడ్డపారతో మూడు నాలుగు అంగుళాల కింద మెయిన్ వేరు కొట్టి, పొద మొత్తం లేపి, వేర్లు పైకి వచ్చేటట్టు తలకిందులు పెట్టి ఎండనియ్యాలె. మామూలుగ పడేస్తే మట్టి తాకిన కొమ్మ మళ్లా వేరు పెడ్తది. తర్వాత రెండు మూడేండ్లు ఆ జాగకు వానల్ల పోయి చూడాలె, ముఖ్యంగ పిట్టలు వాలే చెట్ల కింద, ఎందుకంటే పండు తిన్న పిట్ట గింజను అక్కడే వదుల్తది. ఈ రెండో, మూడో ఏడాది పైసలు బడ్జెట్‌ల రాయకపోతే మొదటి ఏడాది పైసలు వేస్టే.

సీతాఫలం సంగతి అడుగుతరు. అది అమెరికా ఖండం నుంచి వచ్చిన చెట్టే, కానీ మన గుట్టల్ల కలిసిపోయింది, బాలానగర్ సీతాఫలం అంటే దేశమంతా పేరు, ఊర్ల ఆడోళ్లకు ఆ రెండు మూడు నెలలు చేతిల పైసలు. దాన్ని తీయమని నేను ఎన్నడు చెప్ప.

6. మొక్కలు నాటుడు

హరితహారం 2015ల మొదలైనప్పటి నుంచి మొక్క నాటుడు అంటే అందరికి ఉత్సాహం, మంచిదే, కానీ కంచల ఆ ఉత్సాహం జాగ్రత్తగ వాడాలె. గడ్డి ఉన్న చోట నాటొద్దు, పాత మొదళ్లు ఉన్న చోట నాటొద్దు, బండల మీద నాటొద్దు. మట్టి కోసుకపోయి వేర్లు కూడా మిగలని జాగల్ల, తుమ్మ తీసిన జాగల్లనే నాటాలె. ఎకరానికి నాలుగు వేల మొక్కలు పెట్టే యాదాద్రి మోడల్ టౌన్‌ల, రోడ్డు పక్క, చెత్త డంపు తీసిన జాగల బాగుంటది, కానీ మన పొదల అడవిల దట్టంగ నాటితే కింద గడ్డికి ఎండ తగలదు, గడ్డి మీద బతికే పిట్టలు పోతయి.

నాటేది ఆ కంచ గింజల నుంచే పెంచాలె. మోదుగ, రేల, చండ్ర, మొర్రి, జమ్మి, ఊడుగ, తంగేడు. గుల్మొహర్లు, అశోకాలు, పూల బార్డర్లు గేటు లోపల పార్కింగు దాకనే. తంగేడుకు గింజ చల్లుడే సరిపోతది, వానలు పట్టుకునే ముందు.

7. నీళ్లు

వాన ఉన్నదే తక్కువ కాబట్టి పడ్డదాన్ని నేలల ఇంకించాలె. కోసుకపోయిన వాగు పాయల్ల పైనుంచి కిందికి వరుసగ చిన్న చిన్న రాతికట్టలు పెట్టుకుంట రావాలె. పెద్ద చెక్ డ్యాం ఒక్కటి కంటే ఇవి పది మేలు. కాంటూరు కందకాలు (వాలుకు అడ్డంగ తవ్వేవి) బోడి నేలల్లనే తవ్వాలె, మంచి పొదల నడుమ తవ్వితే లాభం కంటే నష్టమే.

జంతువులకు సాసర్ పిట్లు (సాసర్ లెక్క ఉండే నీళ్ల గుంతలు) పెట్టేటప్పుడు అంచులు వాలుగ ఉండాలె. నిలువు గోడలతో తొట్టి కడితే నీళ్లకు వచ్చిన ఉడుము, కుందేలు పిల్ల, తేనెటీగలు అన్నీ అండ్లనే పడి చస్తయి. ట్యాంకర్‌తో నింపేవి కొన్నే ఉండాలె, దగ్గర దగ్గర పెడితే వేటగాళ్లకు, కుక్కలకు పని సులువైతది.

8. అగ్గి

ఫిబ్రవరి నుంచి మే దాక భయం. మన కంచల్ల అగ్గి దాదాపు అంతా మనుషుల చేతిదే, బీడీ ముక్క, పక్క పొలంల కొయ్యకాళ్లు కాలబెట్టుడు, కొత్త గడ్డి వస్తదని అంటబెట్టుడు, సీసా పార్టీలు. జనవరి ఆఖరు వరకు ఫైర్ లైన్లు (అగ్గి దాటకుండ గడ్డి, ఆకు తీసేసిన పట్టీలు) శుభ్రం కావాలె, హద్దు చుట్టూ, రోడ్డు అంచున, జోన్ల మధ్యల మూడు నుంచి ఐదు మీటర్ల వెడల్పుతోటి. వాకింగ్ ట్రాకులనే ఫైర్ లైన్లుగ డిజైన్ చేస్తే రెండు పనులు ఒక్క ఖర్చుల అయితయి.

ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా శాటిలైట్ అలర్టులు ఫోన్‌కు వస్తయి, మామూలు పౌరులు కూడా రిజిస్టర్ చేసుకోవచ్చు. బీట్ ఆఫీసర్, ఊరి యువకులు, ఫైర్ స్టేషన్ ఒక్క వాట్సాప్ గ్రూపుల ఉండాలె, అగ్గి పడ్డప్పుడు ఏ గేటు నుంచి బండి పోతదో మ్యాపు మీద ముందే గీసి ఉండాలె. లీఫ్ బ్లోయర్లు రెండు కొంటే ఆకు తొలగించుడు, అగ్గి అంచు కొట్టుడు రెండిటికి పనికొస్తయి. కాలిన జాగల వెంటనే నాటుడు పెట్టుకోవద్దు, ఒక వానాకాలం చూడుండ్రి, చానా వరకు మొదళ్ల నుంచే వస్తది.

9. జనాలు తిరిగే భాగం

పిల్లలమర్రి సంగతి మన జిల్లాల అందరికీ తెలుసు. 2017 డిసెంబర్‌ల పెద్ద కొమ్మ విరిగింది, చెదలు పట్టినయి, 2018ల సెలైన్ బాటిళ్లతో మందు ఎక్కించే దాక వచ్చింది. కొమ్మల మీద కూసొనుడు, ఊగుడు, మొదలు చుట్టూ వేల మంది తొక్కుడు, మట్టి గట్టిపడి వేర్లకు గాలి, నీళ్లు అందకపోవుడు ఇవన్నీ దాని మీద పడ్డయి. ఏడు వందల ఏండ్ల చెట్టుకే అట్లైతే పొదలు, గడ్డి ఎంత ఓర్చుకుంటయి? కాబట్టి ఆదివారం ఎంతమందిని లోపలికి పంపియ్యాలె, ఏ ట్రాకు ఏ నెలల బంద్ అనేది ప్లాన్‌లనే నంబర్లతో రాయాలె.

ట్రాకు వాలుకు అడ్డంగ పోవాలె, నిలువుగ దించితే మొదటి ఏడాదే వాన నీళ్లు దాన్ని కాలువ చేస్తయి. సిమెంటు, పేవర్ బ్లాకులు వద్దు, గట్టి మట్టి చాలు. తీతువ, కౌజు, పూరేడు నేల మీదనే గుడ్లు పెడ్తయి, ఎండాకాలం నడుమ నుంచి వానాకాలం మొదలు దాక గడ్డి భాగాల్ల ట్రాకులు మూయాలె. పొద్దుగూకితే గేటు బంద్, లోపల ఫ్లడ్ లైట్లు, డీజే, బర్త్‌డే పార్టీలు ఉండొద్దు. జిప్ లైన్, అడ్వెంచర్ గేమ్స్ అడుగుతరు, పెడితే గేటు దగ్గరి జాగలనే.

కోతులకు అరటిపండ్లు పెట్టనియ్యొద్దు, ఈడ తినుడు నేర్చుకున్న కోతులు పక్క పొలాల మీద పడ్తయి, తిట్లు పార్కుకు వస్తయి. కుక్కల సంగతి ఇంకా సీరియస్, హద్దు పక్కన చికెన్ వేస్టు పారబోస్తే కుక్కల గుంపులు చేరి నెమలి పిల్లలను, కుందేళ్లను తరుముతయి. ముందు ఆ వేస్టు ఆపాలె, తర్వాత ఏబీసీ (జంతువుల పుట్టుకల నియంత్రణ) రూల్స్ 2023 ప్రకారం ఆపరేషన్లు, టీకాలు మున్సిపాలిటీతో చేయించాలె.

10. పైసలు, పని ఎవరిది

తెలంగాణ మున్సిపల్ చట్టం 2019ల, పంచాయతీరాజ్ చట్టం 2018ల పది శాతం గ్రీన్ బడ్జెట్ ఉన్నది. ఫారెస్టుకు కాంపా ఫండ్స్ (అడవి భూమి వేరే పనికి ఇచ్చినందుకు కట్టించుకున్న పైసలు) ఉన్నయి, కందకాలు, రాతికట్టల పనులకు ఉపాధి హామీ కూలీలను అడగొచ్చు. సమస్య ఎక్కడ వస్తదంటే పైసలు మొత్తం మొదటి ఏడాది గేటుకు, గోడకు పోతయి. నా లెక్కల వాచర్ల జీతాలు, పిచ్చి మొక్కల రెండో మూడో రౌండు, ఫైర్ లైన్లు, ఈ మూడు పదేండ్లకు ముందే పక్కన పెట్టి, మిగిలిందాంట్ల గేటు కట్టుకోవాలె.

ప్రతి పనికి ఎదురుగ ఒక పోస్టు పేరు, ఒక నెల రాయాలె. "శాఖ చర్యలు తీసుకుంటుంది" అని రాస్తే ఎవరూ తీసుకోరు. "జనవరి 25 లోపు తూర్పు హద్దు ఫైర్ లైన్, సెక్షన్ ఆఫీసర్" అని రాస్తే అడగొచ్చు.

11. ఏటా చూసుకునుడు

మొదట్ల పెట్టిన ప్లాట్లకే, అదే నెలల, అదే రాయి దగ్గర నిలబడి అదే దిక్కు ఫోటో తీయాలె. తునికి ఎత్తు పెరిగిందా, గడ్డి ఎంత శాతం కప్పింది, లంటానా మొలకలు ఎన్ని, కౌజు కూతలు పొద్దున ఎన్ని వినపడ్డయి, అగ్గి ఎన్ని ఎకరాలు పడ్డది. ఈ ఐదు లెక్కలు కాలేజీ పిల్లలు కూడా చేయగల్గుతరు, ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్లకు అప్పజెప్పొచ్చు. మూడేండ్లకొకసారి ఊరి వాళ్లతో మళ్లా కూసొని మేత ఒప్పందం సవరించుకోవాలె, ఐదో ఏట జోన్ల మ్యాపు మొత్తం తిరిగి చూడాలె, లెక్కలు బాగలేని జోన్‌ల పని పద్ధతి మార్చాలె.

ప్లాన్ తెలుగుల, పాతిక ముప్పై పేజీలకు మించకుండ రాయండి. ఒక కాపీ రేంజ్ ఆఫీసుల, ఒకటి చుట్టుపక్కల ప్రతి పంచాయతీల, జోన్ల మ్యాపు మాత్రం పెద్దగ ప్రింటు తీసి గేటు దగ్గర పెట్టాలె, ఏ రంగు జాగల ఏం చేయొద్దో దాని కిందనే రాసి.